స్పానిష్‌కి ఇంగ్లీషు చుట్టుదారి ఎందుకు?

మహారాష్ట్ర అంచున, గోదావరి ఒడ్డున ఉన్న సిరోంచలో బస్టాండు దగ్గర నాకొక చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆన్‌లైన్ ఫారాలు నింపడం, పాస్‌పోర్టు ఫొటోలు, సాత్‌బారా (భూమి రికార్డు) ప్రింట్లు, ఇదీ పని. పోయిన ఎండాకాలం పన్నెండో తరగతి పూర్తయిన ఒక అమ్మాయి కాలేజీ ఫారం నింపించుకుంటూ, “అన్నా, స్పానిష్ నేర్చుకుంటే హైదరాబాద్‌ల మంచి జాబ్ దొరుకుతదట. పైసల్లేకుండ నేర్పేది ఏమన్న ఉందా?” అని అడిగింది. చూసి చెప్తానన్నాను. ఆమె కోసం వెతకబోయి నేనే అందులో పడ్డాను. ఏడాది దాటింది. గిరాకీ లేని మధ్యాహ్నాలన్నీ ఇయర్‌ఫోన్స్‌తోనే పోతున్నాయి.

వెతికితే దొరికింది మరీ ఎక్కువ. యాప్‌లు, యూట్యూబ్ ఛానెళ్ళు, ఆడియో పాఠాలు, పీడీఎఫ్‌లు. ఒకరు వ్యాకరణం ముట్టుకోవద్దంటారు, ఇంకొకరు క్రియల పట్టికలు బట్టీ పట్టమంటారు. మొదటి రోజే మాట్లాడాలని ఒకరు, ఏడాదిపాటు నోరు మెదపవద్దని ఒకరు. ఎవరి మాట వినాలో తెలియక బుర్ర వేడెక్కిపోయింది. కొన్నాళ్ళకి ఒకటి గమనించాను. ఎన్ని రకాల సలహాలున్నా, దాదాపు అన్నీ ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళని మనసులో పెట్టుకుని తయారైనవే. వాళ్ళకి ఏది కష్టమో అక్కడ ఆగి వివరిస్తారు, వాళ్ళకి ఏది తేలికో దాన్ని దాటేసి పోతారు.

నన్ను అడిగిన ఆ అమ్మాయి సంగతి వేరు కదా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సినిమాల్లో హిందీ, పరీక్షలో మాత్రం ఇంగ్లీషు. స్పానిష్ వాక్యాన్ని ముందు ఇంగ్లీషులో అర్థం చేసుకోవాలి, దాన్ని తెలుగులోకో మరాఠీలోకో దించుకోవాలి, జవాబుని మళ్ళీ అదే దారిన వెనక్కి మోసుకెళ్ళాలి. కళ్ళెదురుగా గోదావరి మీద వంతెన ఉండగా, కాళేశ్వరం పోవడానికి చంద్రపూర్ చుట్టి వచ్చినట్టు. మొదటి మూడు నెలలు నేనూ అలాగే చుట్టాను. తర్వాత ఇంగ్లీషుని పక్కన పెట్టి, ఇదే మాట మనింట్లో ఎలా అంటామని అడుక్కోవడం మొదలుపెట్టాక పని తేలికైంది.

ముందు నోటి సంగతి. స్పానిష్‌లో అచ్చులు ఐదే: ఆ, ఎ, ఇ, ఒ, ఉ. ఇంగ్లీషు వాళ్ళు ‘నో’ అనే చిన్న మాటని కూడా చివర ‘ఉ’ తగిలించి సాగదీస్తారు. మనకి ఆ అలవాటు లేదు, మన ‘ఒ’ ఒకేచోట నిలబడుతుంది. ప, త, క కూడా మనం పలికినట్టే, గాలి ఊదకుండా పలకాలి. త, ద విషయంలో ఒక చిక్కుంది. ఇంగ్లీషు మాటల్లోని అక్షరాలని మనం ‘ట’, ‘డ’ అని చదవడానికి అలవాటు పడ్డాం కాబట్టి, స్పానిష్ మాటని ఇంగ్లీషు అక్షరాల్లో చూడగానే ‘టాకో’ అనేస్తాం. వాళ్ళు అనేది ‘తాకో’. నాలుక పళ్ళకి తగలాలి, ‘తాత’ అన్నప్పటిలాగా. అందుకే మొదటి నెల నోట్‌బుక్‌లో స్పానిష్ మాటల్ని తెలుగులోనే రాసుకోమంటాను. మా దగ్గర తెలుగు మాట్లాడే పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు, బడి మరాఠీ కదా. వాళ్ళు దేవనాగరిలో రాసుకోవచ్చు. అందులోనూ త వేరు, ట వేరు.

నన్ను చాలాకాలం ఏడిపించింది ‘ర’. స్పానిష్‌లో ర రెండు రకాలు. ‘పెరో’ అంటే ‘కానీ’. ‘పెర్రో’ అంటే కుక్క. రెండోదాంట్లో నాలుక కొస అదరాలి. దాన్ని ఎలా సాధించాలో చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో కుప్పలు. నాలుకని ఇక్కడ పెట్టు, గాలి ఇలా వదులు, అద్దం ముందు నిలబడు. ఓ సాయంత్రం షాపు ముందు మిరపకాయల గంప దించుకుని బస్సు కోసం కూర్చున్న అవ్వ, నేను ‘పెఱ పెఱ’ అంటూ కుస్తీ పట్టడం చూసి, “ఏమైంది బిడ్డా, గొంతుల ఏమన్న పడ్డదా?” అంది. సంగతి చెప్పాను. కుక్కని వాళ్ళు ఏమంటారో ఒకసారి అనమంది. ఫోన్‌లో వినిపించాను. “పెర్రో,” అంది వెంటనే, అచ్చంగా ఫోన్‌లో గొంతు అన్నట్టే. “గొర్రె, బర్రె అన్నట్టే గద!” అని గంప సర్దుకుంది. నేను వారం రోజులుగా ఇంగ్లీషు వీడియోలు చూసి నాలుక తిప్పుకుంటున్నాను, ఆ ‘ర్ర’ పుట్టినప్పటినుంచీ నా నోట్లోనే ఉంది.

ఆ అవ్వ గంప పక్కన కూర్చునే తెలుగులో బేరం ఆడుతుంది, ప్రభుత్వ బస్సు కండక్టరుతో మరాఠీలో తగువు పెట్టుకుంటుంది, అడివి దిక్కునుంచి వచ్చిన మాడియా గోండులతో వాళ్ళ భాషలోనే నవ్వుతుంది. ఒక్క బడికీ పోలేదు. ఆమె మరాఠీ వ్యాకరణం అడిగితే చెప్పలేదు, తప్పు మాత్రం పట్టేస్తుంది. ఆమె సంగతి మళ్ళీ వస్తుంది.

అన్నీ ఇంత తేలిక కాదు. మాటలో ఏ ముక్కని ఒత్తి పలుకుతామన్నదాన్ని బట్టి అర్థం మారడం తెలుగులో లేదు. స్పానిష్‌లో ఉంది. ‘ఆబ్లో’ మొదటి ముక్క ఒత్తితే ‘నేను మాట్లాడతాను’, చివరి ముక్క ఒత్తితే ‘ఆయన మాట్లాడాడు’. ‘పాపా’ ముందు ఒత్తితే బంగాళాదుంప, వెనక ఒత్తితే నాన్న. మనం వెనక దాన్ని దీర్ఘం చేసి తప్పించుకోవాలని చూస్తాం, అది సరిపోదు. దీనికి సూత్రం చిన్నదే. మాట అచ్చుతోగానీ, న్, స్‌లతోగానీ ముగిస్తే చివరినుంచి రెండో ముక్క మీద ఒత్తు, లేకపోతే చివరి ముక్క మీద. ఈ సూత్రం తప్పినచోట అక్షరం మీద చిన్న గీత పెట్టి వాళ్ళే చూపిస్తారు. ఆ గీతని అలంకారం అనుకుని వదిలేయకండి. ఇక మాట మొదట్లో వచ్చే వాళ్ళ ‘హ’ పలకదు, ‘హోలా’ అని రాసి ‘ఓలా’ అంటారు. (మా ఊళ్ళో నేను ఓలా అంటే బండి బుక్ చేస్తున్నాననుకున్నారు. ఆ బండి ఇక్కడికి వచ్చేదీ లేదు, పోయేదీ లేదు.)

ఇంకో సరదా. ‘స’ పక్కన హల్లుతో మాట మొదలవడం స్పానిష్ నోటికి గిట్టదు, ముందొక ‘ఎ’ తగిలిస్తారు. బడి ‘ఎస్కుయేలా’, స్టేషన్ ‘ఎస్తాసియోన్’. మనవాళ్ళు ఇస్కూలు, ఇస్టేషన్ అన్నప్పుడు నవ్వే చదువుకున్న మారాజులు కొంచెం ఆలోచించుకోవాలి.

వ్యాకరణానికి వస్తే అసలు లాభం అక్కడుంది. ఇంగ్లీషు నుంచి వచ్చేవాళ్ళు మొదట తట్టుకుని పడే రాయి ‘మె గుస్తా’. నాకు ఇష్టం అని చెప్పడానికి స్పానిష్‌లో ‘నేను’ కర్తగా రాదు. ‘మె గుస్తాన్ లోస్ మాంగోస్’: నాకు మామిడిపళ్ళు నచ్చుతాయి. పళ్ళు బహువచనం కాబట్టి క్రియ బహువచనం. ఒక్క పండైతే ‘గుస్తా’, నచ్చుతుంది. ఇంగ్లీషు పాఠాల్లో దీన్ని తలకిందుల వాక్యం అని బొమ్మలేసి చెప్తారు. తెలుగువాడికి అందులో తలకిందులేముంది? మరాఠీలోనూ ‘మలా ఆంబే ఆవడతాత్’ అనే అంటాం. ‘మె దుయెలె లా కాబేసా’ అంటే నాకు తల నొస్తోంది. ‘నా తల’ అనరు, మనలాగే ‘నాకు తల’ అంటారు. ‘సె మె ఒకుర్రియో’ అంటే నాకు తోచింది. ఇవన్నీ ఇంగ్లీషులోకి మార్చుకుని అర్థం చేసుకోబోతే మాత్రం చచ్చేంత కష్టం.

క్రియ చివరే మనిషిని చెప్పేయడం కూడా అంతే. ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లామోస్. మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాం. ముందు ‘నేను’, ‘నువ్వు’ లేకపోయినా తెలిసిపోతుంది. ఇంగ్లీషు అలవాటుతో ప్రతి వాక్యానికీ ‘యో, యో’ (నేను, నేను) తగిలిస్తే, తెలుగులో ఎవరో ‘నేను వచ్చాను, నేను తిన్నాను, నేను పడుకున్నాను’ అన్నట్టు వినిపిస్తుంది.

నువ్వు, మీరు తేడా కూడా ఉంది. ‘తూ’ అంటే నువ్వు, ‘ఉస్తెద్’ అంటే మీరు. ఉస్తెద్ పక్కన క్రియ ‘ఆయన’కి వచ్చే రూపంలో ఉంటుంది, ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడుతూ కూడా. ఎందుకంటే ఆ మాట పుట్టిందే ‘బుయెస్త్రా మెర్సెద్’ నుంచి. ‘తమరి దయ’ అన్నలాంటిది. దొరగారి ముందు నిలబడి ‘దొరవారు సెలవిస్తే చేస్తాం’ అన్నట్టు. ఇది తెలిశాక నాకు ఆ రూపం మళ్ళీ తప్పలేదు. ఫోన్‌లో ఉండే అనువాద యాప్ ఒకదాంట్లో నేను తెలుగులో ‘మీరు’ అని రాస్తే, స్పానిష్‌లో ‘తూ’ రూపం వచ్చింది. మధ్యలో ఇంగ్లీషు గుండా పోయిందేమో, ఇంగ్లీషులో ఉన్నది ఒకటే కదా. పెద్దవాళ్ళతో మాట్లాడేముందు దాన్ని గుడ్డిగా నమ్మొద్దు.

అందరూ భయపెట్టేది ‘సేర్’, ‘ఎస్తార్’ అనే రెండు క్రియలతో. రెండిటికీ ఇంగ్లీషులో ‘ఈజ్, యామ్, ఆర్’ అనే ఒకటే క్రియ. శాశ్వతమైతే ఒకటి, తాత్కాలికమైతే ఒకటి అని చెప్పే సూత్రం సగం దూరమే తీసుకెళ్తుంది. తెలుగుతో చూడండి. ‘ఆయన డాక్టర్’: మనకి ఇక్కడ క్రియే లేదు. స్పానిష్‌లో ఇలాంటిచోట సేర్ వస్తుంది, ‘ఎస్ మేదికో’. ‘ఆయన ఇంట్లో ఉన్నాడు’: ఉన్నాడు వచ్చింది కాబట్టి ఎస్తార్, ‘ఎస్తా ఎన్ కాసా’. ‘టీ వేడిగా ఉంది’, మళ్ళీ ఎస్తార్. మరి ఇంగ్లీషు పుస్తకాలు మినహాయింపు అని చెప్పే ఒక వాక్యం ఉంది. ‘పెళ్ళి ఎక్కడ?’ చోటు అడుగుతున్నాం కాబట్టి ఎస్తార్ అనుకుంటాం. కాదు, ‘దోందె ఎస్ లా బోదా?’ అంటారు, సేర్. తెలుగులో మనం అడిగేది చూడండి, ‘పెళ్ళెక్కడ?’ అంటాం. ‘ఉంది’ రాదు! ఈ పోలిక అన్నిచోట్లా నిలబడదు. ‘ఆమె పొడుగ్గా ఉంటుంది’ అన్నప్పుడు మనకి క్రియ ఉంది, వాళ్ళకి అక్కడ సేర్ కావాలి. అక్కడ కూడా మనం ‘ఉంది’ అనలేదు, ‘ఉంటుంది’ అన్నాం. ఆ తేడా మీద చెవి పెడితే దారి కనిపిస్తుంది.

ఇంకో రెండు త్వరగా చెప్తాను. ‘సినిమా చూశాను’ అంటాం, ‘అన్నని చూశాను’ అంటాం. మనిషికే ‘ని’ కావాలి. స్పానిష్‌లోనూ మనిషికి ముందు ఒక ‘ఆ’ పెట్టాలి: ‘బీ లా పెలీకులా’, ‘బీ ఆ మి ఎర్మానో’. రెండోది భూతకాలం. ‘కోమీ’ అంటే తిన్నాను, ‘కోమీయా’ అంటే తినేవాణ్ణి. ‘చిన్నప్పుడు ప్రాణహితలో ఈదేవాళ్ళం, ఒకరోజు మా తమ్ముడు కొట్టుకుపోయాడు’ అన్న వాక్యంలో రెండు క్రియలూ ఎందుకు వేరుగా ఉన్నాయో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. (దొరికాడు, కంగారు పడకండి.) స్పానిష్‌లో రెండు భూతకాలాల తేడా దాదాపు ఇంతే.

మనకి లేనిది వస్తువులకి ఆడా మగా. తెలుగులో బల్ల, పుస్తకం, నది అన్నీ ‘అది’. స్పానిష్‌లో బల్ల ఆడ, పుస్తకం మగ. ఇక్కడ సరిహద్దు బతుకు పనికొస్తుంది. మరాఠీలో మూడు లింగాలు మోసినవాళ్ళకి స్పానిష్‌లో రెండే ఉన్నాయంటే ఊరట. విశేషణం కూడా లింగాన్ని బట్టి మారడం మనకి మరాఠీ ‘చాంగలా, చాంగలీ’ (రెండూ ‘మంచి’ అనే మాటే) దగ్గరే అలవాటైంది. అలవాటు వరకే సుమా, లింగాలు మాత్రం కలవవు. మరాఠీలో నది ఆడది, స్పానిష్‌లో ‘ఎల్ రియో’ మగది. మరాఠీలో చెయ్యి మగ, వాళ్ళకి ‘లా మానో’ ఆడ. మాటని ఎప్పుడూ ఎల్, లా తోనే కలిపి నేర్చుకోవడం తప్ప వేరే మందు లేదు. వాక్యంలో క్రియ మధ్యలోకి రావడం, మన ప్రత్యయాలు వాళ్ళకి మాట ముందు రావడం కూడా కొన్నాళ్ళు ఇబ్బంది పెడతాయి. అక్కడ ఇంగ్లీషు కాస్త సాయం చేస్తుంది. కాదనను.

ఇంతకీ ఫ్రీగా ఏది వాడాలి? నా లెక్కలో చెవికి ఒకటి, వాక్యం కట్టడానికి ఒకటి చాలు. తక్కినవి పక్క వాయిద్యాలు.

చెవికి డ్రీమింగ్ స్పానిష్. పాబ్లో రోమాన్ మొదలుపెట్టిన యూట్యూబ్ ఛానెల్ అది. పూర్తిగా కొత్తవాళ్ళ వీడియోల్లో మాట్లాడేదంతా స్పానిషే. బొమ్మలు గీస్తారు, చేతులు ఊపుతారు, ముఖాలు పెడతారు, నిదానంగా చెప్తారు. ఇంగ్లీషు అక్కర్లేదు. ఆ అమ్మాయికి బాగా కుదిరింది అందుకే. పైసలు కట్టి చూసే భాగం వేరే ఉంది గానీ, ఫ్రీగా ఉన్నదే నెలల తరబడి సరిపోతుంది. అర్థమయ్యే మాటలు బోలెడు వింటే భాష దానంతటదే వస్తుందన్నది స్టీఫెన్ క్రాషెన్ అనే భాషాశాస్త్రవేత్త వాదన, ఈ పద్ధతికి మూలం అదే. వాళ్ళ లెక్కలో పై మెట్టు 1,500 గంటలు వినడం. రోజుకి గంట చొప్పున నాలుగేళ్ళకి పైనే. మాట్లాడడం కూడా కొన్ని వందల గంటలు విన్నాకే అంటారు.

నేను ఇక్కడే వాళ్ళతో విడిపోతాను. అవ్వ మరాఠీ నేర్చింది చెవితోనే, నిజం. కానీ ఆమె వందల గంటలు నోరు మూసుకుని కూర్చోలేదు. మొదటి వారంలోనే మిరపకాయలు అమ్మాలి, చిల్లర అడగాలి. వచ్చిన నాలుగు మాటలతోనే బేరం ఆడింది. విన్నదాన్ని అప్పుడప్పుడు నోట్లో తిప్పి చూసుకుంటే చెడేదేమీ లేదు.

వాక్యం కట్టడానికి లాంగ్వేజ్ ట్రాన్స్‌ఫర్. మిహాలిస్ ఎలెఫ్తెరియూ చేసిన 90 చిన్న ఆడియో పాఠాలు, పూర్తిగా ఉచితం, యాడ్‌లు లేవు. ఒక విద్యార్థిని పక్కన కూర్చోబెట్టుకుని అడుగుతుంటాడు, మనం ఆపి జవాబు చెప్పుకోవాలి. ఆపకుండా పాటలా వింటే పైసా ఉపయోగం లేదు. పాఠం ఇంగ్లీషులో ఉంటుంది, సులువైన ఇంగ్లీషే. ఇంగ్లీషువాళ్ళ కోసం ఆయన మెల్లగా నడిచే చోట్ల మనం ఆ వాక్యాన్ని తెలుగులో అనుకుని ముందుకి పోవచ్చు.

డ్యూయోలింగో యాప్ గురించి అందరూ అడుగుతారు. 2025 ఏప్రిల్‌లో వాళ్ళు ఒకేసారి 148 కొత్త కోర్సులు తెచ్చారు, దాంతో తెలుగు ద్వారా స్పానిష్ నేర్చుకునే వీలు వచ్చింది. మొదటి మెట్ల వరకే ఎక్కువగా. టీ తాగేటప్పుడు పది నిమిషాలు నొక్కుకోవడానికి మంచిదే, రోజూ తలుపు తట్టే అలవాటు చేస్తుంది. కానీ మాటలు ఏరి వరసలో పెట్టడం వేరు, ఎదుటి మనిషి ముఖం చూస్తూ మాట్లాడడం వేరు. ఆ యాప్‌లో 300 రోజులు మానకుండా చేసిన లెక్క చూపించి మురిసిపోయే ఒకతన్ని ‘కోమో ఎస్తాస్?’ (ఎలా ఉన్నావు?) అంటే, నాలుగు ఆప్షన్లు ఇమ్మన్నట్టు చూశాడు.

మాటలు గుర్తుండడానికి ఆండ్రాయిడ్‌లో ఆంకిడ్రాయిడ్ అనే కార్డుల యాప్ ఫ్రీ. మర్చిపోబోయే సమయానికి అదే కార్డు మళ్ళీ చూపిస్తుంది. ఒకటే షరతు, కార్డు ఒకవైపు స్పానిష్ వాక్యం ఉంటే రెండోవైపు తెలుగు వాక్యం ఉండాలి, ఇంగ్లీషు కాదు. ఇక ఓపికున్నవాళ్ళకి అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగుల కోసం తయారు చేసిన పాత కోర్సు ఉంది. కాపీరైట్ లేదు, పుస్తకమూ ఆడియో కూడా దొరుకుతాయి. ఒకే వాక్యాన్ని పదిరకాలుగా తిప్పి అనిపిస్తుంది, ఎక్కాల బడిలాగా. విసుగు పుడుతుంది గానీ నోరు తిరుగుతుంది. ఇంగ్లీషు మాట్లాడే తమ ఉద్యోగులకి స్పానిష్ రావడానికి దాదాపు ఆరేడు వందల క్లాసు గంటలు పడుతుందని ఆ శాఖ వాళ్ళ అంచనా. 30 రోజుల్లో స్పానిష్ అనే వీడియో కనబడితే ఆ అంకె గుర్తు తెచ్చుకోండి.

జాబ్ సంగతి కూడా ఆ అమ్మాయికి ఉన్నదున్నట్టు చెప్పాను. యాప్ ఇచ్చే సర్టిఫికెట్ గోడకి అంటించుకోవడానికి పనికొస్తుంది. కంపెనీలు గుర్తించేది డెలె లాంటి పరీక్ష. స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్టిట్యూటో సెర్వాంతెస్ నడుపుతుంది, న్యూఢిల్లీలో దాని కేంద్రం ఉంది. ఆ పరీక్షకి ఫీజు కట్టాలి, అది ఫ్రీ కాదు. డిగ్రీగా చదవాలంటే హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ) ఉంది. ఫ్రీ పాఠాలు అక్కడి గుమ్మం దాకా తీసుకెళ్తాయి, లోపలికి మాత్రం చదివే పోవాలి.

మిగిలింది మనిషితో మాట్లాడడం. టాండెమ్, హలోటాక్ అనే యాప్‌లలో మన భాష వాళ్ళకి, వాళ్ళ భాష మనకి అని మార్చుకుంటారు. చిన్న ఇబ్బంది, అవతలివాళ్ళు ఎక్కువగా అడిగేది ఇంగ్లీషు. నా వచ్చీరాని ఇంగ్లీషుకి కూడా గిరాకీ ఉందని అప్పుడే తెలిసింది. ముక్కూ మొహం తెలియనివాళ్ళు కాబట్టి ఆడపిల్లలు నంబరు, ఫొటోలు ఇవ్వకుండా యాప్‌లోనే మాట్లాడుకోవడం మంచిది. మనకి రాత్రి 9 అయితే మెక్సికో సిటీలో ఉదయం 9.30. షాపు మూసేసిన తర్వాత నాకు ఆ వేళ కుదిరింది.

మొన్న ఒక మెక్సికో పెద్దాయనతో మాట్లాడాను. ఉస్తెద్ అనే అన్నాను, తడబడలేదు. మీ ఊళ్ళో ఏం పండుతుందని అడిగాడు. మిరపకి వాళ్ళ మాట ‘చీలె’, అది వాళ్ళ పాత నావాట్ల్ భాషనుంచి వచ్చింది. ఆ మొక్క కూడా అటునుంచే పోర్చుగీసు ఓడలెక్కి మనదాకా వచ్చింది. ‘ఆకీ తాంబియెన్ ఆయ్ చీలె’, ఇక్కడా మిరప ఉంది అన్నాను. పగలబడి నవ్వాడు, ఎంత కారమని అడిగాడు. కారానికి వాళ్ళ మాట ‘పికాంతె’ అని తెలుసు. మా అవ్వ గంపలోని కాయ ఎంత పికాంతెనో చెప్పబోతుంటే వాన మొదలై నెట్‌వర్క్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి అక్కడ మధ్యాహ్నం అయింది, ఆయన పనికి వెళ్ళిపోయాడు.